వెనకమాటలకు కుట్లు వేసే డాక్టరు

మా మామయ్య పళ్ళ డాక్టరు. ఊళ్ళో సగంమంది చిగుళ్ళకు కుట్లు వేసిన చెయ్యి ఆయనది. అందులో వింతేమీ లేదు, చదివిన చదువే అది. వింతేమిటంటే ఆయన పుస్తకాలకు కూడా కుట్లు వేసేవాడు.

చిరిగిన పుస్తకాలకు కాదు. షాపు నుంచి అప్పుడే వచ్చిన, అట్ట ఇంకా నిగనిగలాడుతున్న కొత్త పుస్తకాలకు. కథ ఎక్కడ అయిపోయిందో చూసుకుని, అక్కణ్ణుంచి చివరి అట్ట దాకా ఉన్న పేజీలన్నీ కలిపి పట్టుకుని, పన్ను పీకాక వేసే నల్ల పట్టుదారంతో, వంకర సూదితో, అంచు పొడుగునా కుట్లు వేసేవాడు. ఒక్కో కుట్టుకీ ముడి. ముడి మీద ముడి. చివర దారం కత్తిరించి, కళ్ళజోడు పైకి తోసుకుని, "హమ్మయ్య, రక్తం ఆగింది" అనేవాడు.

మా అత్తయ్య మొదటిసారి చూసినప్పుడు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమండీ, ఆ సూది పేషెంట్లకి వాడేదేనా?"

"కొత్తదేనే."

"పుస్తకానికి కొత్తది సరే. పేషెంట్లకి?"

"వాళ్ళకీ కొత్తదే. నువ్వెళ్ళి కాఫీ పెట్టు."

ఆ పుస్తకాల సంగతి చెప్పకపోతే ఈయన సంగతి అర్థం కాదు. వాటిని మేమంతా దీవుల నవలలు అనేవాళ్ళం. ఏడు భాగాలు. ఎప్పుడూ మంచు పట్టి ఉండే సముద్రంలో కొన్ని దీవులు, వాటి మధ్య జనాన్ని అటూ ఇటూ దాటించే ఒక పడవవాడు. ఆ నవలల్లో రాణికి ఒక కథ ఉంది, దీపస్తంభం కాపలావాడికి ఒక కథ ఉంది, చేపలు ఎండబెట్టే ముసలావిడకి కూడా ఇల్లూ వాకిలీ, తోడికోడళ్ళ తగాదాలూ ఉన్నాయి. పడవవాడికి మాత్రం ఏమీ లేదు. ఎక్కడివాడో, ఎవరి కొడుకో, ఎందుకొచ్చాడో ఏడు భాగాల్లోనూ రాయలేదు. పడవ ఎక్కిన వాళ్ళలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "కూర్చోండి, పడవ ఊగుతుంది" అంటాడు. అంతే, ఇంకో మాట ఉండదు.

మొదటి భాగం చదివినప్పుడు నా వయసు చిన్నది. చదివిన వారం రోజులూ స్నానాల గదిలో కుళాయి చప్పుడు కూడా నాకు సముద్రంలా వినిపించింది. ఒక మనిషి కుర్చీలో కూర్చుని, కాగితం మీద ఇంత నీటిని ఎలా పొయ్యగలిగిందా అని నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఇప్పటికీ ఆ నోరు పూర్తిగా మూతపడలేదు. నేను మామయ్య దగ్గర పనికి చేరింది అందుకేనని అత్తయ్య వెక్కిరిస్తుంది.

ఏడో భాగంతో కథ అయిపోయింది. రచయిత్రి మాత్రం ఆగలేదు. పాత భాగాలు మళ్ళీ అచ్చయినప్పుడల్లా వెనకాల కొన్ని పేజీలు చేర్చడం మొదలుపెట్టింది. మొదట దీవుల పటం ఇచ్చింది. తర్వాత అక్కడ వీచే గాలుల పేర్లు. తర్వాత రాణిగారి అమ్మమ్మ ఎవరు, దీపస్తంభం కట్టిందెవరు, దీపంలో పోసే నూనె ఏ గింజల నుంచి తీస్తారు, అన్నీ రాసింది. వీటిని అభిమానులు వెనకమాటలు అన్నారు. ఆ వెనకమాటలతో ఊళ్ళో చదివేవాళ్ళు రెండుగా చీలిపోయారు.

సెలవురోజుల్లో లైబ్రరీ మేడ మీద మేం కలుసుకునేవాళ్ళం. నేను వెనకమాటల పక్షం. కొత్తది వచ్చిందంటే నాకు తిండి ధ్యాస ఉండేది కాదు. ఎన్నో ఏళ్ళుగా ఉంటున్న ఇంట్లో ఇంతకాలం చూడని గది ఒకటి కనబడినట్టు ఉండేది. అవతలి పక్షం వాళ్ళు మండిపడేవాళ్ళు. "మా ఇంట్లోకొచ్చి గోడ పగలగొట్టి, ఇక్కడ మొదట్నుంచీ కిటికీ ఉంది కదా అంటే ఎలా ఉంటుంది?" అనేవాళ్ళు. మూడో భాగంలో రాణిగారి కుక్క నిజానికి కుక్క కాదనీ, తోడేలనీ రచయిత్రి రేడియోలో చెప్పిన రోజున, బడి నుంచీ స్నేహితులైన ఇద్దరు పెద్దమనుషులు మాటలు మానేశారు. వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళలో కూడా ఒకరు ఈ మూల, ఒకరు ఆ మూల కూర్చున్నారు.

మామయ్య ఏ పక్షమూ కాదు. ఆయన కుట్ల పక్షం, అందులో సభ్యుడు ఆయనొక్కడే.

"కథలో ఉందా?" అనేవాడు.

"వెనకమాటలో ఉంది మామయ్యా."

"అయితే లేదు."

"రాసినావిడే చెప్పింది కదా!"

"కథ చెప్పినప్పుడు చెప్పాలి. తలుపేసుకుని వెళ్ళిపోయి, కిటికీలోంచి తల పెట్టి చెబితే చెల్లదు."

వెనకమాటలతో ఆగినా బాగుండేది. వెనక అట్ట లోపల "రచయిత్రి గురించి" అని నాలుగు ముక్కలూ, ఆవిడ ఫొటో ఉంటే, దాన్నీ కలిపి కుట్టేశాడు. రేడియోలో ఆవిడ గొంతు వినబడితే నోరు తెరిచిన పేషెంటును అలాగే వదిలేసి వెళ్ళి కట్టేసి వచ్చేవాడు. ఈ జబ్బు ఇంట్లోకి కూడా పాకింది.

"సాయంత్రం మా అన్నయ్య వస్తున్నాడని చెప్పానా లేదా?" అని అత్తయ్య నిలదీసేది.

"ఎప్పుడు చెప్పావ్?"

"పొద్దున. మీరు బూట్లేసుకుని మెట్లు దిగుతుంటే."

"మెట్లు దిగాక చెప్పింది వెనకమాట. చెల్లదు."

పాపం ఆ అన్నగారు ఆ రోజు అరగంట తాళం ముందు నిలబడ్డాడు.

ఇలా రచయిత్రి నోరు కుట్టేసిన మనిషి, పేషెంట్ల నోరు మాత్రం ఊరుకోనిచ్చేవాడు కాదు. పన్ను పీకే ముందు మత్తు ఇంజెక్షను ఇస్తారు కదా. అది ఎక్కేదాకా కాసేపు ఆగాలి. వేరే డాక్టర్లయితే ఆ కాసేపూ చేతులు కడుక్కుంటారు, ఫోను చూసుకుంటారు. మామయ్య స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, "దీవుల నవలలు చదివారా?" అని మొదలుపెట్టేవాడు. చదివామంటే సరి. లేదంటే మంచూ, సముద్రమూ, పడవా నాలుగు మాటల్లో కళ్ళకు కట్టేసేవాడు. తర్వాత అసలు ప్రశ్న వేసేవాడు.

"మీ ఉద్దేశంలో ఆ పడవవాడు ఎక్కడివాడు?"

పన్ను నొప్పితో వచ్చినవాడికి ఎక్కడి పడవ, ఎక్కడి దీవి! అయినా ఎదురుగా పట్టకారు పెట్టుకున్న మనిషి అడిగితే చెప్పక చస్తారా? ట్రాఫిక్ పోలీసు ఒకాయన బాగా ఆలోచించి, "వాడు వెనకటికి రాజు అయ్యుంటాడు సార్. ఎవరూ ఎడమపక్కన నడవట్లేదని విసుగొచ్చి రాజ్యం వదిలేశాడు" అన్నాడు. గడియారాలు బాగుచేసే ఆయన, "కుర్రతనంలో ఒకసారి పడవ తప్పిపోయుంటుంది డాక్టరుగారూ. ఇంకెప్పుడూ తప్పిపోకూడదని పడవలోనే ఉండిపోయాడు" అన్నాడు. అత్తయ్య ఆ నవలలు ఒక్కటీ చదవలేదు గాని, జ్ఞానదంతం పీకించుకునేటప్పుడు మాత్రం తడుముకోకుండా, "పెళ్ళాంతో గొడవపడి వచ్చుంటాడు" అంది.

మామయ్య ఎవరు ఏం చెప్పినా తల ఊపేవాడు. "అయ్యుండొచ్చు. మీరు చెప్పింది కాదనడానికి కథలో ఎక్కడా ఆధారం లేదు" అని పట్టకారు తీసేవాడు.

ఇది నాకు ఒళ్ళు మండించేది.

"రాసినావిడ చెబితే చెల్లదు, పీకించుకునేవాడు చెబితే చెల్లుతుందా?" అని ఒకసారి గట్టిగానే అడిగాను.

"చెల్లుతుంది."

"ఏ న్యాయం ప్రకారం?"

"వాళ్ళు నా పేషెంట్లు. ఆవిడ కాదు. ఆ గొట్టం సరిగ్గా పట్టుకో, ఆయన చొక్కా తడిసిపోతోంది."

ఇలా రోజులు సాగుతుండగా పేపర్లో ఆ వార్త వచ్చింది. నాలుగు నెలల్లో ఎనిమిదో పుస్తకం రాబోతోందట. కథ కాదట, ఒకే ఒక పెద్ద వెనకమాట. పడవవాడు ఎక్కడివాడో, ఎవరి కొడుకో అందులో రచయిత్రి స్వయంగా తేల్చి చెప్పబోతోందట.

నేను ఎగిరి గంతేశాను. లైబ్రరీ మేడ మీద మా పక్షం వాళ్ళు కేకలు పెట్టారు. మామయ్య పేపరు మడిచి బల్ల మీద పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

"ఏమంటావ్ మామయ్యా?" అని ఉడికించాను.

"పుస్తకం మొత్తం కుట్టాలంటే ఎంత దారం పడుతుందంటావ్?" అన్నాడు.

నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ వారమంతా మనిషి మనిషిలా లేడు. అన్నంలో కూర కలుపుకోవడం మర్చిపోయాడు. అన్నిటికన్నా ఘోరం, ఇంజెక్షను ఇచ్చాక ఆ ప్రశ్న అడగబోయి ఆగిపోయేవాడు. "ఇంక అడిగి ఏం లాభం. నాలుగు నెలలాగితే తప్పెవరిదో ఒప్పెవరిదో తేలిపోతుంది" అనేవాడు. ఒక కథలోని మనిషి కోసం ఇంత బెంగేమిటని నాకు విసుగొచ్చింది. అయినా లోపల ఏదో మూల ఆశ్చర్యంగానే ఉండేది. సొంత పెళ్ళిరోజు గుర్తుండని మనిషి, లేని పడవ కోసం ఇలా చిక్కిపోతున్నాడంటే, ఆ పడవను రాసిన చెయ్యి ఎంతటిదో అనిపించేది.

ఆ చెయ్యే ఒక రోజు మా క్లినిక్ తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

పెద్దావిడ. చేతికర్ర. బుగ్గ బూరెలా ఉబ్బి ఉంటే చుట్టూ మెత్తటి గుడ్డ కట్టుకుంది. ఊళ్ళో చెల్లెలి ఇంటికి వచ్చిందట, వచ్చిన మర్నాడే పన్ను నొప్పి లేచిందట. పేరు అడిగితే ఇంట్లో పిలిచే పేరేదో చెప్పింది, లోకమంతా ఎరిగిన పేరు కాదు. అయినా నా దగ్గరున్న పుస్తకాలకు కుట్లు లేవు కదా. ఆ ఫొటో నాకు కంఠతా వచ్చు. నా చేతిలో పెన్ను కింద పడింది. తీద్దామని వంగి, బల్ల కింద నుంచే ఇంకోసారి ఆవిడ మొహం చూశాను. చిన్నప్పుడు మా కుళాయిలో సముద్రం పోసిన మనిషి నా ఎదురుగా బెంచీ మీద కూర్చుని, "ఎంతసేపవుతుందమ్మా?" అంటోంది.

ఆవిడ పక్కనే చిన్న బల్ల మీద దీవుల నవలలు ఏడూ ఉన్నాయి. ఒకటి తీసింది. వెనక్కి తిప్పింది. వేలితో కుట్లు తడిమింది.

"ఇదేంటమ్మా, పుస్తకానికి ఆపరేషనా?"

"అది... పాత పుస్తకం మేడమ్. ఊడిపోతుంటే..."

"కొత్తదిలానే ఉందే." ఇంకొకటి తీసింది. అదీ అంతే. ఏడూ చూసింది. నేను భూమి బద్దలైతే బాగుండుననుకున్నాను. ఆవిడ చివరికి, "కుట్టు మాత్రం బాగా వేశారు" అంది.

లోపలికి తీసుకెళ్ళి మామయ్యకు సైగలు మొదలుపెట్టాను.

"మామయ్యా, ఒక్క నిమిషం బయటికి రా."

"పేషెంటు నొప్పితో ఉంది. నీ నిమిషం తర్వాత."

కళ్ళు పెద్దవి చేశాను. కనుబొమలు ఎగరేశాను.

"కంట్లో ఏదో పడినట్టుంది, వెళ్ళి కడుక్కో" అన్నాడు. ఎప్పుడో ఫొటో కుట్టేసుకున్న మనిషికి ఆ వాచిన మొహం ఎలా గుర్తుంటుంది!

ఇంజెక్షను అయిపోయింది. ఆవిడ చాలా భయపడింది. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్న ఆ వేళ్ళను చూసి మామయ్య స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. ఇన్నాళ్ళూ మానేసిన ప్రశ్న ఆ వేళ్ళను చూసేసరికి దానంతటదే వచ్చేసినట్టుంది.

"దీవుల నవలలు చదివారా అమ్మా?"

ఆవిడ ఆయన్ని ఒక క్షణం పరీక్షగా చూసింది. "చదివానండి. ఒకటికి నాలుగుసార్లు."

"అయితే మనవాళ్ళే. మీ ఉద్దేశంలో పడవవాడు ఎక్కడివాడంటారు?"

ఆవిడ పైన లైటు వంక చూస్తూ మెల్లిగా చెప్పింది. "దీపస్తంభం కాపలావాడి కొడుకు. చిన్నప్పుడే తండ్రితో పోట్లాడి వెళ్ళిపోయాడు. పేరు మార్చుకున్నాడు. కానీ ఆ దీపం కనబడనంత దూరం మాత్రం ఎప్పుడూ పోలేకపోయాడు."

ఎనిమిదో పుస్తకం మొత్తం అదే! ప్రపంచంలో ఇంకెవరూ వినని మాట నేను ఉమ్ము లాగే గొట్టం పట్టుకుని విన్నాను.

మామయ్య అద్దం పుల్లను అరచేతిలో తట్టుకుంటూ ఆలోచించాడు. "బావుందమ్మా. రెండో భాగంలో తుఫాను రోజు అందరూ దీపం వైపు చూస్తుంటే అతనొక్కడూ మొహం తిప్పుకుంటాడే, దానికి సరిపోయింది."

"సరిపోయింది కదా?" ఆవిడ గొంతులో సంతోషం.

"సరిపోయింది గానీ, ఇలా ఆవిడ రాయదు."

నేను కళ్ళు మూసుకున్నాను.

"ఎవరు?"

"ఆ రచయిత్రి."

"ఎందుకు రాయదట?"

"ఆవిడ అంతకన్నా గొప్పది కనక. ఏడు భాగాల్లో ఎంతమంది అడిగినా 'కూర్చోండి' అని తప్ప ఇంకో మాట అనిపించలేదు. అంత ఓపికున్న మనిషి చివరికి తండ్రీ కొడుకుల తగువని తేల్చి పారేస్తుందా?"

ఆవిడకు కోపం వచ్చింది. మత్తు ఎక్కిన ఎడమ బుగ్గ ప్రశాంతంగానే ఉంది గాని, కుడివైపు సగం మొహం ఎర్రబడింది. "ఆవిడ ఏం రాసినా మీరు కుడతారుగా. బయట చూశాను. చదవకుండానే కుట్టేస్తారా?"

"చదవకుండా కుట్టడానికి నేనేమన్నా మూర్ఖుణ్ణా అమ్మా? ఒక్కక్షరం వదలకుండా చదివాకే కుట్టాను. ఆ దీపంలో పోసే నూనె సంగతి చదివి రెండ్రోజులు నాకు అన్నం సయించలేదు."

"అంత చెత్తగా ఉందా?"

"అంత బావుంది."

ఇది నాకు కొత్త సంగతి. ఇన్నేళ్ళ నుంచీ పక్కనే నిలబడి గొట్టం పడుతున్నాను, వెనకమాటలు చదివినట్టు ఒక్కనాడూ పొక్కనివ్వలేదు.

"బావుంటే మరి కుట్టడం దేనికి?" అంది ఆవిడ.

"బావుంది కనకే. ఆవిడ ఒకసారి చెప్పాక ఇంకెవరు చెప్పినా నిలవదు కదమ్మా. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి మామూలుగా నోట మాట రాదు, భయం. భయం మరిపించడానికే ఏదో అడగాలని మొదట్లో పడవవాడి గురించి అడిగాను. వాళ్ళు అతని గురించే చెబుతున్నామనుకుని వాళ్ళ సంగతులే చెప్పేవాళ్ళు. ఒక టీచరమ్మ ఉంది. భర్త పోయి చాన్నాళ్ళయింది. పడవవాడు మా ఆయనేనండీ అంది. రాగం లేకుండా ఈల వేసే అలవాటు ఇద్దరికీ ఒకటేనట. కాకపోతే ఆయనకి ఈత రాదు, పడవెలా నడుపుతున్నాడో అని బెంగట. ఆర్నెల్లకోసారి పళ్ళు చూపించుకోవడానికి వస్తుంది. ఒక్క పన్నూ కదల్లేదు. నేను పళ్ళు చూస్తాను, ఆవిడ ఆయన గురించి చెబుతుంది."

ఆ టీచరమ్మకు అన్నిసార్లు వేళ రాసిచ్చింది నేనే. పళ్ళ మీద ఎంత శ్రద్ధో అనుకునేదాన్ని.

"ఒక పాప ఉంది. తండ్రి ఉద్యోగం కోసమని ఊళ్ళు మారి మారి ఇక్కడికొచ్చింది. బళ్ళో ఎవరితోనూ మాట్లాడదు. పడవవాడికి ఏ ఊరూ లేదు అంకుల్, అందుకే అందరితోనూ బాగుంటాడు అంది. నువ్వు చెప్పిందే కరెక్టేమో, కాదనడానికి ఆధారం లేదు అన్నాను. మర్నాడు బళ్ళో పక్కపిల్లతో మాట్లాడిందని వాళ్ళమ్మ వచ్చి చెప్పింది. ఇప్పుడు పుస్తకం వచ్చి, కాదమ్మా, అతనికి ఊరుంది, ఇల్లుంది, నాన్నున్నాడు అంటే, ఆ పిల్లకి నేనేం చెప్పను? టీచరమ్మకి ఏం చెప్పను? ఆర్నెల్ల తర్వాత ఏ పన్ను చూపించుకోవడానికి రమ్మనను?"

ఆవిడ మొహంలో కోపం ఎప్పుడు పోయిందో నేను చూడలేదు, కళ్ళలో నీళ్ళకి నాకు సరిగ్గా కనబడటం లేదు. "ఇంకా ఎవరెవరు ఏమన్నారో చెప్పండి" అంది.

"చెబుతాను, నోరు తెరవండి."

ట్రాఫిక్ పోలీసు చెప్పిన రాజుగారి దగ్గర మొదలుపెట్టి, అత్తయ్య చెప్పిన గొడవ మీదుగా, తాళాలు చేసే ఆయన, పత్రికలు వేసే ఆవిడ, ఎవరెవరివో చెప్పుకుంటూ పోయాడు. ఎక్కడా కాగితం చూడలేదు, తడుముకోలేదు. ఎన్నేళ్ళ పేషెంట్లో, ఎన్ని పడవలో! నేను అక్కడే ఉండి అవన్నీ విన్నదాన్నే, ఒక్కటీ గుర్తు పెట్టుకోలేదు. ఆవిడ రెప్ప వెయ్యకుండా వింటోంది.

"అయిపోయిందమ్మా, దూది గట్టిగా కొరికి పట్టుకోండి."

ఆవిడ ఉలిక్కిపడింది. "ఎప్పుడు పీకారు?" అన్నట్టు చెయ్యి ఊపింది.

"గడియారాలాయన పడవ తప్పిపోయినప్పుడు."

నోట్లో దూది ఉంది కనక వెళ్ళేటప్పుడు ఏమీ అనలేదు. మామయ్య భుజం తట్టి, కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ వీధి మలుపు తిరిగాక నా పుస్తకం తెచ్చి, వెనక అట్ట తెరిచి మామయ్య ముక్కు కింద పెట్టాను. ఫొటో చూశాడు. తలుపు వంక చూశాడు. మళ్ళీ ఫొటో చూశాడు. పేషెంట్ల కుర్చీలో కూలబడ్డాడు.

"నేను ఆవిణ్ణి ఏమన్నాను?"

"ఆవిడ ఇలా రాయదన్నావు."

"ఎవరితో అన్నాను?"

"ఆవిడతోనే."

పళ్ళెంలో ఉన్న పన్ను వంక చూశాడు. "పీకింది పుచ్చిన పన్నేనా?"

"అదే."

"అదైనా సరిగ్గా చేశాను."

ఆ తర్వాత ఎనిమిదో పుస్తకం వాయిదా పడిందని పేపర్లో వచ్చింది. ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. మామయ్యకు ఇప్పుడు కొత్త బెంగ పట్టుకుంది. ఇంతకాలం ఆవిడ రాస్తుందేమోనని భయపడినవాడు, ఇప్పుడు మానేసిందేమోనని భయపడటం మొదలుపెట్టాడు. "ఆ నూనె గురించి రాసిన చెయ్యి అమ్మాయ్ అది. నా నోటి దురుసుతో ఆపేశానంటావా?" అని రోజూ అడిగేవాడు. లేదు మామయ్యా అని రోజూ చెప్పేదాన్ని. నాకు మాత్రం ఏం తెలుసు?

ఏడాది తిరిగాక పుస్తకం వచ్చింది. షాపు తలుపులు తీస్తుండగానే వెళ్ళి కొనుక్కుని, నడుస్తూ చదువుతూ రెండు స్తంభాలకు గుద్దుకుని క్లినిక్‌కు చేరాను. అప్పటికే గడియారాలాయన పంటి నొప్పితో, టీచరమ్మ ఏ నొప్పీ లేకుండా, ఆ పాప పంటి తీగ బిగించుకోవడానికి తల్లితో కలిసి బెంచీల మీద కూర్చుని ఉన్నారు. మామయ్య గుమ్మంలో నిలబడి, "చదువు" అన్నాడు. పాపం ఆ గొంతు, తీర్పు వినబోయేవాడి గొంతులా ఉంది.

చదివాను. అది వెనకమాట కాదు, కథ. ఒకే ఒక్క ప్రయాణం. మంచు ముసిరి పడవ నడిసముద్రంలో ఆగిపోతుంది. ఎక్కినవాళ్ళు భయపడతారు. భయం మరిచిపోవడానికి ఒక్కొక్కరే పడవవాణ్ణి అడుగుతారు, నువ్వెక్కడివాడివని. ఈసారి అతను కూర్చోమనడు. జవాబు చెబుతాడు. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు. పడవ తప్పిపోయిన కుర్రవాణ్ణని ఒకరితో అంటాడు. రాజ్యం వదిలేసిన రాజునని ఒకరితో అంటాడు. ఏ ఊరూ లేనివాణ్ణి కనక ఎక్కిన ప్రతివాళ్ళూ నా ఊరివాళ్ళేనని ఒక చిన్నపిల్లతో అంటాడు. ఒక ముసలావిడ అడగనే అడగదు. అతను రాగం లేని ఈల వేస్తాడు, ఆవిడ విని, "ఈత ఎప్పుడు నేర్చుకున్నావ్?" అంటుంది. ఆ పడవలోనే దీపస్తంభం కాపలావాడు కూడా ఉంటాడు. పడవవాడు తన కొడుకేనని అతనికి మాత్రం తెలుస్తుంది. ఎన్నేళ్ళుగానో రచయిత్రి మనసులో దాచుకున్న సొంత జవాబును కూడా అందరి మధ్యలో, అందరిదాని కన్నా ఒక్క వాక్యం కూడా ఎక్కువ లేకుండా పెట్టింది. అక్కడికొచ్చేసరికి ఆగి, ఆ వాక్యం మళ్ళీ చదివాను. ఇంత పెద్ద రచయిత్రి ఇంత చిన్న చోటులో సర్దుకుని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

చదవడం ఆపేసరికి టీచరమ్మ చీర చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంటోంది. గడియారాలాయన ఉబ్బిన బుగ్గ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"అది నేను చెప్పిందే డాక్టరుగారూ! మీ కుర్చీలో కూర్చుని చెప్పిందే! ఆవిడకెలా తెలిసింది?"

"నేను ఎవరో పేషెంటుతో అన్నానయ్యా" అన్నాడు మామయ్య. మొహం వెలిగిపోతోంది. ఏడాదిగా భుజాల మీద మోస్తున్న బరువేదో దించినట్టు నిటారుగా నిలబడ్డాడు. ఇంతలో పాప నా చేతిలో పుస్తకం లాక్కుని పేజీలు తిప్పి చూసింది.

"అంకుల్, ఇందులో మీది ఏది?"

"నాదా?"

"అందరిదీ ఉంది కదా. మీ పడవవాడు ఎక్కడివాడు?"

ఎన్నో ఏళ్ళుగా ఊరందరినీ అడిగిన మామయ్యను మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆయన నా వైపు చూశాడు. టీచరమ్మ కాస్త జరిగి బెంచీ మీద చోటిచ్చింది. తెల్లకోటుతోనే వెళ్ళి పేషెంట్ల మధ్య కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"పడవవాడికి చిన్నప్పుడు ఒకసారి పన్ను నొప్పి వచ్చిందమ్మా. వాళ్ళ దీవిలో డాక్టరు లేడు..."

ఆ కథ అయ్యేదాకా గడియారాలాయనకు బుగ్గ వాచిందన్న సంగతి గుర్తు రాలేదు.